మేడం గారి బీరువాలో మామిడికాయలు

సప్లిమెంటరీ పరీక్షల డ్యూటీకి వెళ్తే ఫోన్లు బయట బల్ల మీద పెట్టేసి లోపలికి వెళ్ళాలండి. మొన్న అలాగే పెట్టేసి వెళ్ళి, మధ్యాహ్నం బయటికొచ్చి చూసుకుంటే సత్తిబాబు దగ్గర్నుంచి వరసగా మిస్డ్ కాల్స్. సత్తిబాబు నాతో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివినవాడు, పెద్దాపురం మనిషి. ఏడాదికోసారి మరిడమ్మ జాతరకి రమ్మని పిలవడానికి తప్ప ఫోన్ చెయ్యడు. జాతరకి ఇంకా నెల పైనే ఉంది. నేను తిరిగి చేస్తే ఒకటే మాట అన్నాడు.

"మేడం గారు పోయారు, రాజ్యం."

ఏ మేడం అని నేను అడగలేదు. స్కూల్లోనూ కాలేజీలోనూ మాకు చాలామంది మేడమ్‌లు ఉన్నారు, కానీ మా ఇద్దరి మధ్యా ఆ మాటకి ఒకే మనిషి. ఆవిడ ప్రాణం పోయిన వేళకి నేనేం చేస్తున్నానని లెక్క చూసుకుంటే, ఒక కుర్రాడి చేతిలోంచి చీటీ లాక్కుని వాడి మీద ఇంతెత్తున లేస్తున్నాను. నాకు ముక్కు మీద కోపం, అందరికీ తెలిసిందే. ఆవిడైతే ఆ చీటీ మడత విప్పి, "ఇందులో రాసింది నీకు అర్థమైందా నాయనా, చెప్పు చూద్దాం" అని అక్కడే కూర్చోబెట్టేవారు. వాడికి అంతకన్నా పెద్ద శిక్ష ఉండేది కాదు.

పేపర్లో ఫోటో పడే మనిషి కాదావిడ. రాజమండ్రిలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. గంజి పెట్టిన నేత చీర, కొంగు నడుముకి దోపి, వాచీ మణికట్టు లోపలివైపుకి తిప్పి పెట్టుకునేవారు. రామచంద్రపురం దగ్గర పల్లెలో పొలాలూ తోటా ఉన్న ఇల్లు వాళ్ళది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు, అవసరమూ లేదు. మాదీ రామచంద్రపురమే, బజార్లో కిరాణా కొట్టు. అయినా ఆవిడ నాకు ఏనాడూ ఊరి మనిషినన్న చనువు ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే నెత్తికెక్కి కూర్చుందునేమో, ఆవిడకి తెలుసు.

ఇది రెండువేల దశకం మధ్యలో మాట. నానో అన్న మాట అప్పుడప్పుడే పేపర్లలో కనబడుతోంది. మేడం గారు యూనివర్సిటీలో ఏదో కోర్సుకి వెళ్ళి, అక్కడ మైక్రోస్కోపులో తీసిన ఒక ఫోటో చూసి వచ్చారు. జింక్ ఆక్సైడ్ నానోవైర్లు. జింక్ ఆక్సైడంటే మరేం కాదండి, చర్మానికి పూసుకునే తెల్ల మందుల్లో ఉండేదే. దాన్ని సరైన వేడిలో సరిగ్గా ఆవిరి పట్టిస్తే వెంట్రుక కన్నా వందల రెట్లు సన్నటి తీగలుగా పెరుగుతుంది. ఫోటోలో అచ్చం నారుమడిలా ఉంది. వరి పండించే ఇంట్లో పుట్టిన మనిషి కదా, ఆ నారు మీద ఆవిడకి మనసు పడిపోయింది.

యూనివర్సిటీ వాళ్ళు పక్కన పడేసిన పాత ఫర్నేస్ ఒకటుంటే, కాళ్ళరిగేలా తిరిగి దాన్ని మా కాలేజీకి తెచ్చుకున్నారు. కొంతకాలం వాడుకోండి, తర్వాత ఒక కమిటీ వచ్చి చూస్తుంది, పని జరుగుతుంటే ఉంచుతాం, లేకపోతే పట్టుకుపోతాం అన్నది వాళ్ళ షరతు. విశాఖపట్నంలో మొక్కలు దింపేసి ఖాళీగా తిరిగొస్తున్న కడియం నర్సరీ లారీలో వచ్చిందది. దింపుతుంటే దానికి అంతా మట్టీ, నలిగిన క్రోటన్ ఆకులూ. మేడం గారు కొంగుతో తుడిచారు. కొంగుతో ఆవిడ ఇంకేదైనా తుడవడం నేను చూడలేదు.

అసలు ఆ పని ఎలా ఉంటుందో చెప్పాలి. పొడుగ్గా ఒక క్వార్ట్జ్ గాజు గొట్టం. మధ్యలో చిన్న పింగాణీ దోనెలో జింక్ పొడి. దానికి కాస్త ఎడంగా సిలికాన్ పలక ముక్క. గొట్టాన్ని ఫర్నేస్‌లో పెట్టి ఎర్రగా కాలుస్తూ, ఒక చివర్నుంచి సన్నగా గ్యాసు వదులుతాం. జింకు ఆవిరై, గ్యాసుతో పాటు నడిచి, పలక మీద కుదురుకుని తీగలుగా లేస్తుంది. అన్నీ కుదిరితే పలక మీద ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి నూగు కనబడుతుంది. కుదరకపోతే నల్లటి మరక. మాకు చాలా నెలలు మరకలే.

వేసవిలో కరెంటు కోతలు సరేసరి. కోత లేని గంటలు చూసుకుని మొదలెట్టాలి, మధ్యలో పోతే ఆ రోజు పనంతా పోయినట్టే. ఫర్నేస్ నడుస్తున్నంతసేపూ మేడం గారు దాని ముందు స్టూలు మీద కూర్చునేవారు. మాటా పలుకూ ఉండదు. మేమూ ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. ఆపేశాక ఇంకా కష్టం. చల్లారేదాకా గొట్టం మూత తియ్యకూడదు. వేడి మీద తీస్తే బయటి గాలి ఒక్కసారిగా కొట్టి లోపల పెరిగిందంతా పాడవుతుంది. నాకేమో ఆగలేని తనం. నేను కుర్చీలో కదిలితే చాలు, వెనక్కి తిరక్కుండానే అనేవారు, "ఇంకా తెరవకు." అంతే. కోపం లేదు, బతిమాలడం లేదు. ఆ మాట నా పెళ్ళయ్యాక కూడా, కుక్కరు మీద చెయ్యి వేసినప్పుడల్లా వినబడేది.

ఆవిడ ల్యాబులో ఇంకో రెండు కట్టుబాట్లు ఉండేవి. ఒకటి, తిండి కనబడకూడదు. కాఫీ గ్లాసు ఆవిడదైనా సరే గుమ్మం అవతలే. ఒకసారి సత్తిబాబు జేబులో జీడిపప్పు పాకం దొరికితే, వాణ్ణి బయటికి పంపి, తిని, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చాకే లోపలికి రానిచ్చారు. రెండోది, "చూసింది చెప్పు. అనుకున్నది తర్వాత చెబుదువుగాని." మేం ఏదైనా రీడింగ్ తీసి, ఇది అందువల్ల అయ్యుంటుందండి అని మొదలెడితే చాలు, చెయ్యెత్తి ఆపేసేవారు. ముందు చూసింది. కళ్ళతో చూసింది, మీటర్లో చూసింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. చదువుకున్నదాన్ని, కారణం నాకు తెలుసు, చెప్పనివ్వరేంటి అని. ఆవిడ మాత్రం వినేవారు కాదు.

ఒకరోజు మాత్రం మనసులో మాట అన్నారు. ఫర్నేస్ చల్లారుతోంది. కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇరవయ్యేళ్ళకి పైగా ఎవరో ఎప్పుడో కొలిచినవే పిల్లల చేత మళ్ళీ కొలిపించానమ్మా. లోలకం, ప్రిజం, అద్దం. జవాబు ముందే తెలిసిన లెక్కలు. ఒక్కసారి ఎవరికీ జవాబు తెలియనిది కొలవాలనుంది" అన్నారు. అన్నాక సిగ్గుపడ్డట్టు కొంగు సర్దుకుని లేచిపోయారు. ఫర్నేస్ పోవడమంటే ఆవిడకి ఏం పోవడమో నాకు ఆ రోజు తెలిసింది.

కమిటీ మే నెలలో, సోమవారం వస్తుందని కబురొచ్చింది.

అప్పటికి మేం ఒక చిన్న పరికరం తయారుచేశాం. తెల్ల నూగు లేచిన పలక మీద ఆ చివరా ఈ చివరా వెండి పేస్టుతో రెండు చుక్కలు పెట్టి, వాటికి సన్నటి వైర్లు అతికించి, బ్యాటరీకీ మీటరుకీ కలిపాం. కింద గోరంత హీటరు, ఆ తీగలు వెచ్చబడితేనే పసిగడతాయి. కరెంటు కోతల భయానికి హీటరు కూడా లారీ బ్యాటరీ మీదే. స్పిరిట్‌లో తడిపిన దూది దగ్గరికి తెస్తే మీటర్లో కరెంటు పెరుగుతుంది. దూది తీసేస్తే మెల్లగా తగ్గుతుంది. ఇంతేనా అంటారేమో. ఇంతే. కానీ ఆ తీగలు మేం పెంచినవి. అలాంటి పరికరాలు చాలా చేశాం, ఒకటి తర్వాత ఒకటి చచ్చిపోయాయి, వెండి చుక్క ఊడో, వైరు తెగో. సోమవారానికి మా చేతిలో మిగిలింది ఒక్కటే.

ఈ తీగలకి వెలుతురు తగిలినా కరెంటు మారిపోతుంది. అందుకని చీకటి పెట్టె కావాలి. కొనడానికి ఎక్కడ, మా ల్యాబులో ఒక పాత టేకు బీరువా ఉండేది, పైన రెండు తలుపులు, కింద రెండు తలుపులు. పై అరలో పరికరం పెట్టి, పక్క చెక్కకి డ్రిల్లుతో కన్నం చేసి, వైర్లు బయటికి తీసి బల్ల మీద మీటరుకి కలిపాం. కన్నం చేసింది సత్తిబాబు. వంకరగా వచ్చింది. శనివారం సాయంత్రం ఆఖరిసారి చూసుకున్నాం. బంగారంలా పనిచేసింది. గ్రాఫు గీసి, ల్యాబు తాళం వేసి, ఆదివారం ఇళ్ళకి పోయాం.

సోమవారం పొద్దున వచ్చి హీటరు వేసి, కాసేపాగి మీటరు చూశాను. కరెంటు పెరుగుతోంది.

స్పిరిట్ సీసా మూత కూడా ఇంకా తియ్యలేదు. దూది డబ్బాలో ఉంది. అయినా పెరుగుతోంది. ఎవరూ ఏమీ ఇవ్వకుండానే అంకెలు అలా పైకి పోతూనే ఉన్నాయి. "నువ్వేమైనా ముట్టుకున్నావా" అని సత్తిబాబు మీద పడ్డాను. "నేను ఇప్పుడే కదే వచ్చింది, చెప్పులు కూడా విప్పలేదు" అన్నాడు వాడు. నిజమే, వాడి కాళ్ళకి చెప్పులున్నాయి.

వెండి చుక్కలు చూశాం, బాగానే ఉన్నాయి. బ్యాటరీ మార్చాం. తలుపు సందులకి నల్లగుడ్డ కుక్కాం. గాలిలో తేమ ఏమోనని కిటికీలు మూశాం, లాభం లేకపోతే తెరిచాం. మేడం గారు ఒక్కో పని చెప్పడం, మేం చెయ్యడం, ముగ్గురం మీటరు వైపు చూడడం. ఆవిడ వేళ్ళు వాచీ పట్టీని తిప్పుతున్నాయి. అంతకు మించి ఏమీ కనబడనివ్వలేదు. నాకు మాత్రం చెమటతో జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది.

ఇంతలో ప్రిన్సిపాల్ గారొచ్చారు. మంచాయనే, పాపం, భయస్తుడు. సంగతి విని, గొంతు తగ్గించి, "మేడం గారూ, శనివారం గ్రాఫు బాగా వచ్చిందన్నారు కదండీ. అది చూపించేద్దాం. మిషన్ వేడెక్కిందనో ఏదో చెప్పి ఇవాళ ఆపేశామందాం. వాళ్ళు మధ్యాహ్నం భోంచేసి వెళ్ళిపోతారు" అన్నారు.

అబద్ధం కూడా కాదండి అది. శనివారం గ్రాఫు నిజంగా వచ్చిందే. నేను ఆశగా మేడం గారి ముఖంలోకి చూశాను. నాకు కావాల్సింది ఆవిడ ఫర్నేస్ ఉండడం, అంతే.

"శనివారం చూసింది శనివారం అని చెబుదామండి" అన్నారావిడ. "సోమవారం చూసింది కూడా చెప్పాలి కదండీ."

ప్రిన్సిపాల్ గారు కర్చీఫ్‌తో మెడ తుడుచుకున్నారు. కింద కారు తలుపు పడిన చప్పుడైంది.

కమిటీ అంటే ముగ్గురు. ఇద్దరు ఫైళ్ళు పట్టుకుని వెనక నిలబడేవాళ్ళు. మాట్లాడింది ఒక్క పెద్దాయనే. తెల్లటి సఫారీ, ముఖంలో నవ్వు లేదు. ఫర్నేస్ చూశారు, గొట్టం చూశారు, మైక్రోస్కోపు ఫోటోలు చూశారు. బల్ల దగ్గరికొచ్చి, "పరికరం ఏదమ్మా" అని నన్నడిగారు. నేను మేడం గారి వైపు చూశాను. ఆవిడ మెల్లగా అన్నారు, "చూసింది చెప్పు."

చెప్పాను. "స్పిరిట్ చూపిస్తే కరెంటు పెరగాలండి. శనివారం అలాగే పెరిగింది. ఇవాళ పొద్దున్నించీ ఏమీ చూపించకుండానే పెరుగుతోందండి."

"అంటే పనిచెయ్యడం లేదు" అన్నారాయన, ఫైలు కోసం వెనక్కి చెయ్యి చాపుతూ.

"పనిచేస్తోందండి" అన్నారు మేడం గారు. "దేన్నో చూస్తోంది. అదేంటో మాకింకా తెలియడం లేదు."

ఆయన చెయ్యి అలాగే ఆగింది. ఆవిడని ఎగాదిగా చూశారు. వెటకారమో ఏమో తెలీదు, ముక్కు ఎగబీల్చి, "నాకు మాత్రం ఒకటి తెలుస్తోందండి. భోజనంలోకి మామిడిపళ్ళు పెడుతున్నట్టున్నారు. గదంతా అదే వాసన" అన్నారు.

మీరడగొచ్చు, అంత వాసన మీకెవ్వరికీ తెలియలేదా అని. మే నెలలో మా వైపు మామిడి వాసన లేని గది చూపించండి. స్టాఫ్ రూములో బుట్ట, ప్రిన్సిపాల్ గారి బల్ల కింద బుట్ట, బస్సులో పక్కావిడ ఒళ్ళో సంచి. మా ముక్కులకి అది వాసన కిందే లెక్క కాదు. ఆయన ఏసీ కారులోంచి దిగి తిన్నగా వచ్చారు కాబట్టి పట్టారు.

మేడం గారి ముఖం తెల్లబోయింది. అన్ని నెలల్లో ఆవిడ ముఖంలో రంగు మారడం నేను చూడడం అదే మొదలు. ఒక్క మాట మాట్లాడకుండా బీరువా దగ్గరికెళ్ళి, కింది అర తలుపులు తెరిచారు. నిండా వరిగడ్డి. గడ్డి పక్కకి తీస్తే కొత్తపల్లి కొబ్బరి రకం మామిడిపళ్ళు, పసుపు తిరిగి, కొన్ని ఇంకా పచ్చివి. అడుగున ఒకటీ అరా నలిగి, పులిసిపోయి.

సంగతేంటంటే, ఇంటికొచ్చినవాళ్ళని మామిడిపండు పెట్టకుండా పంపడం మా వైపు మర్యాద కాదు. శుక్రవారం తోట నుంచి కాయలొస్తే, సోమవారానికి పండాలంటే వెచ్చగా ఉన్న చోట గడ్డిలో మాగెయ్యాలి. కాలేజీ మొత్తంలో ఫర్నేస్ గది కన్నా వెచ్చటి చోటు లేదు. కమిటీకీ, వాళ్ళు వెళ్ళాక మా ఇద్దరికీ పెడదామని, తిండి కనబడితే గెంటేసే మనిషి, ఎవరికీ చెప్పకుండా తన చేతుల్తో తనే దాచారు. శనివారానికి కాయలు పచ్చివే, కాబట్టి పరికరానికి ఏమీ తెలియలేదు. ఆదివారమంతా తలుపులేసిన గదిలో ఉడికి పండాయి. పులిసిన పండులోంచి వచ్చేది స్పిరిట్ లాంటి ఆవిరే కదండీ. చెక్క సందుల్లోంచి అది పై అరకి చేరింది. మా తీగలు పొద్దున్నించీ మొత్తుకుంటున్నది దాని గురించే.

ఆవిడ గడ్డి చేత్తో పట్టుకుని నిలబడి, "తప్పు నాదండి" అన్నారు. "ల్యాబులో తిండి పెట్టకూడదని వీళ్ళకి చెప్పేది నేనే. పెట్టింది నేనే. పైన హీటరు, కింద గడ్డి. అంటుకుని ఉంటే ఏమయ్యేదో." నాకు ఏడుపొచ్చేసింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియకపోతే నాకు ఏడుపే వస్తుంది.

పెద్దాయన బీరువా దాకా వచ్చి రెండు అరల్లోకీ తొంగి చూశారు. తర్వాత, "అవి బయట పెట్టించండి. చూద్దాం" అన్నారు.

బుట్టలోకి ఎత్తి వరండాలో పెట్టాం. గడ్డంతా ఊడ్చాం. ఫ్యాన్లు వేసి కిటికీలు తెరిచాం. ఫ్యాను ఇలా తిరగడం మొదలెట్టిందో లేదో కరెంటు పోయింది. మీటరూ హీటరూ బ్యాటరీ మీద కాబట్టి బతికాయి. మేం మాత్రం ఆ వడగాలిలో, చెమటలు కారుతూ, మీటరు చుట్టూ నిలబడ్డాం. అంకె కదలదు. పెద్దాయన వాచీ చూసుకుంటున్నారు. నేను నిలబడ్డ చోటే అటూ ఇటూ కదిలాను. వెనక నుంచి మేడం గారి గొంతు, చాలా నెమ్మదిగా, "ఆగమ్మా."

అంకె ఒకటి దిగింది. తర్వాత ఇంకొకటి. దిగడం మొదలెట్టాక మెల్లగా దిగుతూనే ఉంది, శనివారం ఉన్నచోటికి వచ్చి నిలబడింది. సత్తిబాబు "ఆయ్" అన్నాడు, ఎవరూ ఏమీ అడక్కుండానే.

నేను అయిపోయిందనుకున్నాను. పెద్దాయన అనుకోలేదు. "అమ్మాయి కిటికీ వైపు తిరిగి మీటరు ఒక్కటే చూస్తుంది. బీరువాలో ఏం పెట్టాలో నేను పెడతాను. ఏం జరిగిందో అమ్మాయి చెప్పాలి. ఎవరూ సైగలు చెయ్యకూడదు" అన్నారు. మేడం గారు తలూపారు.

వెనక తలుపు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. మీటరు చూస్తున్నాను. మెల్లగా లేచింది. "పెరుగుతోందండి" అన్నాను. మళ్ళీ దిగేదాకా ఆగాం. రెండోసారి తలుపు. ఎంతసేపు చూసినా అంకె అక్కడే ఉంది. "కదలడం లేదండి" అన్నాను. భయం భయంగానే అన్నాను, పండే పెట్టారేమో, పరికరం చచ్చిపోయిందేమోనని.

మూడోసారి. తలుపు మూసిన చప్పుడైంది. అంకె ఒక్కటి పైకెళ్ళింది. ఆగింది. కిందకొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఏం చెప్పాలి? పెరిగిందంటే పెరిగింది, లేదంటే లేదు. ఏదో ఒకటి గట్టిగా చెప్పేస్తే సగం పాళ్ళు నెగ్గుతాను. ప్రిన్సిపాల్ గారు దగ్గారు. మేడం గారు మాత్రం దగ్గలేదు, చీర చప్పుడు కూడా రాలేదు. ఫర్నేస్ నా నాలుక చివర వేలాడుతోంది. 

"కొంచెం కదిలిందండి. తగ్గింది. మళ్ళీ కదిలింది" అన్నాను. "అది పెరగడమో కాదో నాకు తెలియడం లేదండి."

పెద్దాయన నన్ను వెనక్కి తిరగమన్నారు. ఆయన చేతిలో గుప్పెడు గడ్డి. మొదటిసారి పండు పెట్టారట. రెండోసారి పచ్చికాయ. మూడోసారి, వాసన మాత్రమే పట్టిన గడ్డి.

"మూడోసారి కూడా పెరిగిందని అంటే నేను నమ్మేవాణ్ణి కాదమ్మా" అన్నారాయన నాతో. తర్వాత మేడం గారి వైపు తిరిగి, "మీ పిల్లలు తెలియదని చెప్పగలుగుతున్నారు. ఫర్నేస్ ఇక్కడే ఉంచుకోండి" అన్నారు.

మేడం గారు చేతులు జోడించారు. వాళ్ళందరినీ వరండాలోకి తీసుకెళ్ళి, గుమ్మం అవతలే, తలో పండూ పెట్టారు. పెద్దాయన సఫారీ మీద రసం కారింది. నాకు ఇచ్చేటప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం పట్టుకుని, "ఇవాళ ఎవరికీ జవాబు తెలియంది కొలిచావు" అన్నారు. నన్ను ఆవిడ మెచ్చుకున్నది అదొక్కసారే. నాకు అది చాలు, ఇప్పటికీ అదే తింటూ బతుకుతున్నాను.

ఆ తర్వాత ఫర్నేస్ కాయిల్ కాలిపోయేదాకా చాలా బ్యాచీలు ఆ గొట్టంలో తీగలు పెంచాయి. వాళ్ళలో గొప్పవాళ్ళయినవాళ్ళూ ఉన్నారు, నాలాగా ఇంటర్ పిల్లలకి పాఠాలు చెప్పుకునేవాళ్ళూ ఉన్నారు. మేడం గారు రిటైరై వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు, తమ్ముడి గారి కుటుంబంతో. ప్రతి మేలోనూ నాకూ సత్తిబాబుకీ బుట్ట వచ్చేది. బుట్ట చేరిన రోజు ఫోనూ వచ్చేది. "గడ్డిలోనే ఉంచు. ఇంకా తెరవకు." నా కాపురం, నా పిల్లల చదువులు, నా బీపీ, ఏమీ అడిగేవారు కాదు. నేనే అన్నీ చెప్పేసేదాన్ని. అంతా విని, "ఊఁ, ఇప్పుడు చూసింది మాత్రం చెప్పు" అనేవారు. నేను చెప్పినదాంట్లో సగం నా అనుమానాలేనని అప్పుడు తెలిసేది. నా ఇంట్లో రెండు మూడు పెద్ద గొడవలు అలా ఆ ఫోన్లోనే చల్లారిపోయాయి.

ఈసారి బుట్ట రాలేదు. తోట ఈ ఏడు కాయలేదేమో అనుకున్నాను. గుండె జబ్బుతో మంచం పట్టారని మాకెవరూ చెప్పలేదు. చెప్పొద్దని ఆవిడే అన్నారట.

సత్తిబాబూ నేనూ కలిసి వెళ్ళాం. అప్పటికి అంతా అయిపోయింది. వాళ్ళ తమ్ముడు గారు మమ్మల్ని ఎప్పుడూ చూసి ఉండకపోయినా, పేర్లు చెప్పగానే, "మీరేనా అండి, రండి" అని లోపలి గదిలోకి తీసుకెళ్ళారు. గదిలో గోడవారగా మా బీరువా ఉంది. ల్యాబుకి కొత్త స్టీలు అలమారాలు వచ్చినప్పుడు, పాత సామాను వేలంలో ఆవిడే పాడుకుని తెచ్చుకున్నారట. మాకు తెలియదు. పై అరలో ఆవిడ పుస్తకాలు. పక్క చెక్కకి సత్తిబాబు చేసిన వంకర కన్నం అలాగే ఉంది. వాడు దాని మీద వేలు పెట్టి అలా నిలబడిపోయాడు. ఏడుస్తున్నాడని నాకు తెలుసు, నేను వాడి వైపు చూడలేదు.

తమ్ముడు గారు కింది తలుపు మీద చెయ్యి వేసి, "అక్కయ్య పోయే ముందు రోజు మంచం మీద నుంచే దగ్గరుండి కాయలు పెట్టించిందండి. మీ ఇద్దరి పేర్లూ చెప్పింది. చుట్టాలందరూ ఉన్నారు కదా, తీసి పంచేయమంటారా?" అని అడిగారు.

నేను కింద కూర్చుని తలుపు ఓరగా తెరిచి, గడ్డిలోకి చెయ్యి పెట్టాను. గడ్డి వెచ్చగా ఉంది. ఒక కాయ మీద బొటనవేలు నొక్కి చూశాను. తొడిమ దగ్గర ఇంకా గట్టిగానే ఉంది.

"ఇంకా తెరవకండి" అన్నాను.

అన్నాక ఆ మాట నా నోట్లోంచి వచ్చిందని తెలిసి తల ఎత్తలేకపోయాను. తమ్ముడు గారు మెల్లగా తలుపు దగ్గరికి వేశారు. మేం ముగ్గురం అక్కడే నేల మీద కూర్చుండిపోయాం. కాసేపటికి, ఆ వంకర కన్నంలోంచి, సన్నగా, ఇంకా పులుపు విరగని మామిడి వాసన రావడం మొదలెట్టింది.